పావు దాటని ముల్లు: 1966 మస్టాంగ్‌లో పాత ఫ్యూయల్ గేజ్ బాగుచేసిన వైనం

డల్లాస్ నుంచి ఉత్తరంగా పోయే 75వ నంబరు హైవే మీద, ప్లేనో దాటుతుండగా, నా 1966 ఫోర్డు మస్టాంగ్ కారు రెండుసార్లు దగ్గి మూడోసారి పూర్తిగా ఆగిపోయింది. ఉన్న ఊపుతోనే పక్క దారిలోకి దించి ఆపగలిగాను కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు కానీ, జూలై ఎండలో, ఏసీ లేని కారు పక్కన నిలబడి స్నేహితుడు పెట్రోలు డబ్బా తెచ్చేదాకా గడిపిన నలభై నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ సమయంలో పెట్రోలు మట్టం చూపే గేజ్ ముల్లు ఖాళీ గీత మీద ఉంది. అందులో వింతేమీ లేదు, ఎందుకంటే కారు కొన్న ఎనిమిది నెలల్లో అది దాదాపు ఎప్పుడూ అక్కడే ఉండేది. ట్యాంకు నిండా పోయించిన రోజున మాత్రం పావు గీత దాటి కాస్త పైకి లేచేది, డెబ్బై మైళ్లయినా తిరగకముందే మళ్లీ కిందికి దిగి పడుకునేది. (ఇక్కడివాళ్లు పెట్రోలును గ్యాస్ అంటారు. మన ఇళ్లలో గ్యాస్ అంటే సిలిండరు గుర్తుకొస్తుంది కాబట్టి నేను పెట్రోలు అనే రాస్తాను.)

ముల్లును నమ్మలేక నేను మైళ్ల లెక్క పెట్టుకున్నాను. ట్యాంకులో 16 గాలన్లు, అంటే మన లెక్కలో సుమారు 60 లీటర్లు పడతాయి. గాలన్‌కు 17 మైళ్లు ఇస్తుందని పాత యజమాని చెప్పాడు కాబట్టి, ఎందుకైనా మంచిదని ఓడోమీటరులో 220 మైళ్లు తిరగగానే బంకుకు వెళ్లేవాడిని. అయితే ఆ పెద్దమనిషి గేర్‌బాక్సు తీసేసి అయిదు గేర్ల టీ-5 బిగించినప్పుడు స్పీడోమీటరు కేబుల్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రాన్ని దానికి తగినట్టు మార్చలేదన్న సంగతి నాకు తెలియలేదు. ఆ తర్వాత ఫోనులోని మ్యాపుతో పోల్చి చూస్తే, కారు నిజంగా 100 మైళ్లు నడిచినప్పుడు ఓడోమీటరు 86 మాత్రమే చూపిస్తోంది. అంటే నేను 220 అనుకున్నది నిజానికి 256. ఊళ్లో ఆగుతూ సాగుతూ నడిపితే ఈ కారు గాలన్‌కు 16 మైళ్లకు మించి ఇవ్వదు. 256ను 16తో భాగించి చూసుకుంటే నేను ఎక్కడ ఆగిపోవాలో సరిగ్గా అక్కడే ఆగిపోయానని అర్థమవుతుంది.

ఈ కారులో పెట్రోలు అయిపోవడం దారిలో ఆగిపోవడంతో పోయే ఇబ్బంది కాదు. 1966లో ఇది 289 ఘనపు అంగుళాల వీ-8 ఇంజనుతో, రెండు గొంతుల కార్బ్యురేటరుతో, ఇంజను పక్కన బిగించిన మామూలు పంపుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఇప్పుడు కార్బ్యురేటరు ఉండవలసిన చోట పెట్రోలును ఇంజనులోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ థ్రాటిల్ బాడీ ఉంది, పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. ఆ పంపు చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ట్యాంకును అడుగంటా ఎండబెట్టి నడిపితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. కార్బ్యురేటరు రోజుల్లో గేజ్ పనిచేయకపోతే అది చిరాకు మాత్రమే, ఇప్పుడు దానితో పాటు ఖర్చు కూడా.

చాలామంది ఇచ్చిన సలహా ఒక్కటే: ఆ పాత గేజ్ పీకేసి కొత్తది పెట్టెయ్. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్‌ను మొదట ఆవిష్కరించినప్పుడు మామూలు మోడల్‌లో పొడుగాటి అడ్డ స్పీడోమీటరు ఉండేది. నడుమ పెద్ద గుండ్రటి స్పీడోమీటరు, అటూ ఇటూ నాలుగు చిన్న గుండ్రటి గేజ్‌లు ఉండే పలక 1966 మోడల్‌లోనే అన్ని మస్టాంగ్‌లకూ వచ్చింది. నేను ఈ కారును కొన్నది సగం ఆ పలకను చూసే. ఇంజనులో ఏం మార్చినా మూత కింద ఉంటుంది, ఎవరికీ కనబడదు. స్టీరింగు వెనక కూర్చున్న మనిషి కళ్లకు ఎదురుగా ఉండే పలక మాత్రం ఆ నాటిదే ఉండాలని నా పట్టుదల.

పట్టుదల బాగానే ఉంది కానీ, మొదట చేసిన పని మాత్రం తెలివితక్కువది. గేజ్‌లు తప్పు చూపిస్తే చాలా సందర్భాల్లో పలక వెనకనున్న వోల్టేజ్ రెగ్యులేటరే కారణమని ఎక్కడో చదివి, ఏమీ పరీక్షించకుండానే కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు తెప్పించి బిగించాను. ముల్లు ఒక్క వెంట్రుక వాసి కూడా కదలలేదు. పలక విప్పడానికి స్పీడోమీటరు కేబుల్ ఊడదీయాలి, అది చేతికి అందని చోట ఉంటుంది, డ్యాష్‌బోర్డు రేకు అంచులు చేతిని గీరేస్తాయి. ఆ శనివారం మధ్యాహ్నమంతా దండగ.

అసలు చూడవలసింది కళ్ల ముందే ఉంది. ఈ కారులో పెట్రోలు గేజ్, ఇంజను వేడి చూపే గేజ్, ఆయిల్ ప్రెషర్ గేజ్, ఈ మూడింటికీ కరెంటు ఆ ఒక్క రెగ్యులేటరు నుంచే వస్తుంది. అది పాడై 12 వోల్టులు తిన్నగా వదిలితే మూడు ముళ్లూ కలిసి కుడివైపుకు ఎగబాకుతాయి, అసలే పంపకపోతే మూడూ కలిసి పడుకుంటాయి. నా కారులో మిగిలిన రెండూ బుద్ధిగా నడుమన నిలబడి ఉన్నాయి. అంటే రెగ్యులేటరు నిర్దోషి అని ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. పాతదాన్ని మళ్లీ బిగించాను. కొత్తది సొరుగులో ఉంది.

పలక ఎలాగూ విప్పాను కాబట్టి గేజ్ లోపల ఏముందో తీరిగ్గా చూశాను. ఈ గేజ్‌లో అయస్కాంతమేదీ లేదు. వేర్వేరు లోహాలను రెంటిని అతికించి చేసిన చిన్న పట్టీ, దాని చుట్టూ వెంట్రుక లాంటి తీగ చుట్టి ఉంటాయి. తీగలో కరెంటు పారితే పట్టీ వేడెక్కుతుంది, రెండు లోహాలూ ఒకే తీరున వ్యాకోచించవు కాబట్టి పట్టీ వంగుతుంది, ఆ వంపు ముల్లును తోస్తుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు టక్కున లేవదు, పొయ్యి మీద పాలు పొంగినట్టు నెమ్మదిగా పైకి వస్తుంది. ఇంజను ఆపిన తర్వాత కూడా వేడి తగ్గేకొద్దీ తాపీగా దిగుతుంది. మలుపుల్లో ట్యాంకులోని పెట్రోలు అటూ ఇటూ ఊగినా ముల్లు ఊగదు. నేటి కార్లలో కంప్యూటరు లెక్కలు కట్టి సాధించే నిలకడ ఈ పట్టీకి పుట్టుకతోనే ఉంది.

ఇంతకీ ఆ రెగ్యులేటరు కూడా అదే జాతి వస్తువు. బ్యాటరీ వోల్టేజీ ఇంజను ఆపి ఉన్నప్పుడు 12 దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దాటి ఉంటుంది, ఆ తేడా గేజ్ మీద పడితే అదే పెట్రోలుకు ముల్లు రెండు చోట్ల నిలబడుతుంది. దాన్ని ఆపడానికి రెగ్యులేటరులోని వేడెక్కే పట్టీ ఒకటి కరెంటును తెంచుతూ కలుపుతూ సగటున 5 వోల్టులు మాత్రమే అందేలా చూస్తుంది. టెస్టు బల్బు తగిలిస్తే పెళ్లి పందిరిలో సీరియల్ లైటులా వెలిగి ఆరుతూ ఉంటుంది, డిజిటల్ మీటరు పెడితే అంకెలు నిలబడక గంతులేస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు అది చెడిపోయిందనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. గేజ్‌కు 12 వోల్టులు నేరుగా ఇచ్చి పరీక్షించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. ఆ వెంట్రుక తీగ మాడిపోతే ఈ కథ అక్కడితో సరి.

ట్యాంకులో ఉండే భాగాన్ని సెండర్ అంటారు. తేలే బెండు, దాని చేయి, ఆ చేతి కొసన నిరోధపు చుట్ట మీద జరిగే చిన్న మొన, అంతే. పెట్రోలు మట్టం మారినప్పుడు బెండు కదులుతుంది, నిరోధం మారుతుంది, దానితో గేజ్‌లో పారే కరెంటు మారుతుంది. కాబట్టి గేజ్‌కు పెట్రోలు సంగతి ఏమీ తెలియదు, దానికి తెలిసింది ఓములే, అంటే నిరోధపు కొలతే. ఆ నాటి ఫోర్డు గేజ్ 73 ఓములు కనబడితే ఖాళీ అంటుంది, 10 ఓములు కనబడితే నిండుగా ఉందంటుంది. నడుమన, అంటే సగం దగ్గర, 22 లేక 23 ఉంటుంది. ఖాళీకీ సగానికీ మధ్య యాభై ఓముల దూరం, సగానికీ ఫుల్‌కూ మధ్య పన్నెండే. ఈ అసమానత తర్వాత లెక్కల్లో నన్ను బాగా ఏడిపించింది.

గేజ్, వైరు, రెగ్యులేటరు మూడూ బాగున్నాయో లేదో ఒకేసారి తేల్చే పరీక్ష చాలా చవకైనది. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 10, 22, 75 ఓముల రెసిస్టర్లు మూడు కొన్నాను. చిన్నవి వేడెక్కుతాయి కాబట్టి 10 వాట్లవి తీసుకున్నాను. డిక్కీలో సెండర్‌కు వచ్చే పసుపు మీద తెల్ల చార ఉన్న వైరును ఊడదీసి, దానికీ కారు బాడీకీ మధ్య ఒక్కొక్క రెసిస్టరునూ పెట్టి, తాళం తిప్పి, ప్రతిసారీ రెండేసి నిమిషాలు ఆగాను. 75 పెడితే ముల్లు ఖాళీ గీత మీద, 22 పెడితే నడిగీత మీద, 10 పెడితే ఫుల్ గీతకు సరిగ్గా తాకి నిలబడింది. ఫ్యాక్టరీలో బిగించిన గేజ్ ఇన్నేళ్ల తర్వాత కూడా గీత తప్పలేదు. ఇంతకాలం దాన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఇక మిగిలింది ట్యాంకు. మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. ఫ్యాక్టరీ ట్యాంకులో సెండర్ ముందువైపు గోడకు, కారు కింద, వెనక ఇరుసు వైపు చూస్తూ ఉంటుంది. పెట్రోలంతా తోడితే గాని దాన్ని విప్పలేరు. నా కారులో ఉన్నది ఇంజెక్షన్ కోసం తయారైన కొత్త ట్యాంకు. పంపూ సెండరూ రెండూ పైనుంచే దిగుతాయి, డిక్కీలో చాప ఎత్తితే కనబడతాయి. ఆ సెండర్ కొసల మధ్య మీటరు పెట్టి చూశాను. బంకు నుంచి ఫుల్ చేయించుకుని వచ్చిన రోజది. మీటరు 33 ఓములు చూపించింది. అది చూడగానే విషయం సగం అర్థమైంది, ఎందుకంటే 33 అనేది బజారులో దొరికే సర్వసాధారణమైన కొత్త గేజ్‌ల కొలత. వాటికి ఖాళీ అంటే 240 ఓములు, నిండు అంటే 33. పాత యజమాని, లేదా అతని మెకానిక్కు, ట్యాంకుతో పాటు చేతికి దొరికిన సెండర్‌ను బిగించి, వైరు తగిలించి, ముల్లు కదిలింది చాలనుకుని వదిలేశారు.

ఇప్పుడు అంతా లెక్కకు అందింది. నిండు ట్యాంకులో వచ్చే 33 ఓములు నా గేజ్‌కు పావుకూ సగానికీ మధ్యలోని మాట. ట్యాంకు ముప్పాతిక వంతుకు దిగేసరికి ఆ సెండర్ 70 ఓముల దరిదాపుల్లో ఉంటుంది, అంటే గేజ్ దృష్టిలో ఖాళీ. అక్కడి నుంచి అడుగు దాకా, పన్నెండు గాలన్ల మేరకు, గేజ్ చెప్పగలిగింది ఏమీ లేదు.

ఆ వారం మా నాన్నగారు తెనాలి నుంచి ఫోను చేసినప్పుడు ఈ గొడవంతా చెప్పాను.

“అంత డబ్బు పోసి కొన్నావు కదరా, పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లు కూడా లేదా?” అన్నారు.

“ముల్లు ఉంది నాన్నగారూ. ట్యాంకు ఒక భాషలో చెబుతోంది, ముల్లుకు ఇంకో భాష వచ్చు.”

“పుల్ల పెట్టి చూసుకోరా. మన చేతక్‌కు ఏ ముల్లుందని?”

నిజమే. మా బజాజ్ చేతక్‌కు గేజ్ లేదు. ట్యాంకు మూత తీసి తొంగి చూడటం, లోపల చీకటిగా ఉంటే బండిని ఊపి చప్పుడు వినడం, ఆగిపోతే రిజర్వులోకి తిప్పడం, అదీ అయిపోతే బండిని పక్కకు వంచి ఇంకో కిలోమీటరు లాగించడం, ఇదే పద్ధతి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్లీనర్లు డీజిల్ ట్యాంకులో కర్ర ముంచి, తడి ఎంత మేరకు ఉందో వేళ్లతో కొలవడం కూడా చిన్నప్పుడు చూశాను. అయితే మస్టాంగ్‌కు పెట్రోలు మూత కారు వెనక వైపు రేకు నడిమధ్యలో ఉంటుంది, అక్కడి నుంచి గొట్టం దాదాపు అడ్డంగా లోపలికి పోతుంది, పుల్ల ట్యాంకు అడుగుకు చేరదు. ఆ మాట చెబితే ఆయన, “అయితే కారును పక్కకు వంచు” అని ఫోను పెట్టేశారు.

పుల్ల కుదరదు కాబట్టి రెసిస్టరుతో సర్దుదామని చూశాను. సెండర్‌కు సమాంతరంగా ఒక రెసిస్టరు కలిపితే మొత్తం నిరోధం తగ్గుతుంది కదా. ఖాళీలో 240 ఉన్నది 73గా కనబడాలంటే కలపవలసింది సుమారు 105 ఓములు. కాగితం మీద అది చూసి సంబరపడ్డాను. అదే 105ను నిండు ట్యాంకులోని 33తో కలిపి చూస్తే 25 వచ్చింది, అంటే నిండు ట్యాంకుకు ముల్లు సగానికి కాస్త ఇవతలే ఆగుతుంది. నిండును సరిచేద్దామని 33ను 10గా చూపించే రెసిస్టరు వేస్తే సుమారు 14 ఓములు వేయాలి, అప్పుడు ఖాళీ ట్యాంకు 13గా కనబడి కారు ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉన్నట్టు చెబుతుంది. మొదటిది భయపెట్టే అబద్ధం, రెండోది నడిరోడ్డు మీద వదిలేసే అబద్ధం. ఒక్క రెసిస్టరుతో ఒక కొసను సరిచేయగలం గాని రెండు కొసలనూ కలపలేం. ఈ చిట్కాను సిఫారసు చేసేవాళ్లు రెండో కొస దగ్గర లెక్క కట్టి చూడరని నా అనుమానం.

ఈ రెండు భాషల మధ్య దుబాసీ పని చేసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు దొరుకుతాయి. సెండర్‌కూ గేజ్‌కూ మధ్య దాన్ని కలిపి, ఖాళీ ఎక్కడ, సగం ఎక్కడ, నిండు ఎక్కడ అని మనమే నేర్పవచ్చు. సెండర్ మార్చే వీలు లేని ట్యాంకు అయితే నేను కూడా అదే కొనేవాడిని, దానిలో తప్పేమీ లేదు. కానీ నా ట్యాంకు మీద సెండర్ కూర్చునే కన్నం చుట్టూ ఉన్నవి అయిదు స్క్రూ రంధ్రాలు, అమెరికాలో ఎన్నో ట్యాంకులకు ఉండే మామూలు కొలత. అదే కొలతలో 73 నుంచి 10 ఓముల సెండర్ కూడా దొరుకుతుంది, పెట్టె ఖరీదులో సగం కూడా కాదు. పాడవడానికి ఇంకో వస్తువును కారులో చేర్చడం కంటే, మొదట బిగించవలసిన దాన్నే ఇప్పుడు బిగించడం మేలనిపించింది.

మా గ్యారేజీ మూలన నీళ్లు కాచే గ్యాస్ హీటరు ఉంది, దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేలను పట్టుకుని పాకుతుంది. అందువల్ల ట్యాంకు తెరిచే పనంతా కారును బయటికి తోసి, ఆరుబయట, ఉదయం ఆరు గంటలకు చేశాను. అంతకుముందే పెట్రోలు దాదాపుగా తోడేసి, బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను. పాత సెండర్ అయిదు స్క్రూలతో తేలిగ్గానే వచ్చింది.

కొత్త సెండర్‌ను మన ట్యాంకు లోతుకు తగినట్టు మనమే కుదుర్చుకోవాలి. చేయి తిరిగే కీలు ట్యాంకు లోతులో సరిగ్గా సగం దగ్గర ఉండాలి, చేయి పొడవు బెండు అడుగునూ కప్పునూ దాదాపు తాకేంత ఉండాలి. నా ట్యాంకు లోపల 8 అంగుళాలు లోతుంది. కీలును 4 అంగుళాల దగ్గర బిగించి, సెండర్‌తో వచ్చిన కాగితంలో ఇచ్చిన కొలత ప్రకారం చేతి తీగను కటింగ్ ప్లయర్‌తో కత్తిరించాను. ట్యాంకులో దింపకముందే దాన్ని డిక్కీలో పెట్టి, పసుపు వైరు తగిలించి, బాడీకి ఒక విడి తీగ కలిపి, బ్యాటరీ తిరిగి పెట్టాను. ట్యాంకు కన్నాన్ని అంతకుముందే మూత వేసి గట్టిగా మూసేశాను. మా అబ్బాయిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఇక్కడ బెండును చేత్తో ఎత్తాను.

“కదిలిందా?”

“లేదు నాన్నా.”

“ఆగి చూడు.”

“ఆ... లేస్తోంది, లేస్తోంది! సగం దాటింది నాన్నా!”

ఎనిమిదేళ్లవాడికి ముల్లు అంత నెమ్మదిగా లేవడం వింతగా తోచింది. వాడు ఎక్కే బండిలో తాళం కూడా తిప్పరు, బొత్తాం నొక్కితే అంకెలు వచ్చేస్తాయి.

అయిదు రంధ్రాల్లో ఒకటి కావాలనే కాస్త పక్కకు ఉంటుంది, సెండర్ ఒక్క దిశలోనే కూర్చుంటుంది. కొత్త గ్యాస్కెట్ వేసి స్క్రూలు బిగించాను. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, దానికి ఓర్చుకోని పాత రకం రబ్బరు వేస్తే ఉబ్బి కారుతుంది. కాబట్టి గ్యాస్కెట్ విషయంలో పిసినారితనం పనికిరాదు. అంతా బిగించి తాళం తిప్పి చూస్తే, ట్యాంకులో రెండు గాలన్లు ఉన్నా ముల్లు ఖాళీ గీత కింద పడుకునే ఉంది.

అప్పటికి ఎండ ముదిరింది, నా ఓపిక సన్నగిల్లింది. అయినా ఈసారి కొత్త వస్తువులు కొనకుండా మీటరు తీసుకున్నాను. సెండర్ మూత రేకుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూస్తే 6 ఓములు వచ్చాయి. రావలసింది దాదాపు సున్నా. ఈ ట్యాంకుకు పౌడర్ కోటింగ్ చేసి ఉంది, దాన్ని డిక్కీ రేకుకు బిగించిన స్క్రూలకు కూడా రంగూ సీలెంటూ పట్టి ఉన్నాయి. సెండర్ నుంచి కరెంటు బాడీకి తిరిగి రావడానికి సరైన దారే లేదు. 240 ఓముల సెండర్‌తో ఆ ఆరు ఓములను ఎవరూ పట్టించుకోకపోవచ్చు. నిండుకు 10, సగానికి 22 ఉండే గేజ్‌తో ఆరు ఓములంటే ట్యాంకులో పావు వంతు మాయమైనట్టే. సెండర్ మూత మీదున్న ఒక స్క్రూ కింద నల్ల వైరు ఒకటి బిగించి, రెండో కొసను డిక్కీ పక్క గోడకు తెచ్చి, అక్కడ రంగును ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకి, పళ్లున్న వాషరు వేసి బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాను. మీటరు 0.3 చూపించింది. ముల్లు కదిలి ఖాళీ గీత పైన నిలబడింది.

కొలత సరిచూడడానికి రెండు గాలన్ల డబ్బాలతో పోస్తూ, పోసిన ప్రతిసారీ మూడు నిమిషాలు ఆగి, ముల్లు ఎక్కడుందో నోటు పుస్తకంలో గీసుకున్నాను. నాలుగు, ఆరు గాలన్ల దాకా చక్కగా లేచింది. ఎనిమిది పోస్తే కదలలేదు. పది పోయగానే ఒక్కసారి సగం దాటి పోయింది. లోపల బెండు దేనికో తట్టుకుంటోందని అర్థమైంది. మళ్లీ తోడటం, మళ్లీ విప్పటం, మళ్లీ బ్యాటరీ ఊడదీయటం. టార్చి వేసి చూస్తే, ఇంజను నుంచి తిరిగి వచ్చే పెట్రోలు గొట్టం అంచుకు బెండు ఆనుకుని ఉంది. సెండర్ దిశ మార్చే వీలు లేదు కాబట్టి చేతి తీగను ఒక వేలి మందం మేర పక్కకు వంచాను. ఈసారి బిగించే ముందు వేలితో బెండును పది పన్నెండుసార్లు కిందికీ పైకీ ఆడించి చూశాను.

ఆ తర్వాతి ఆదివారం తీసిన కొలతలు ఇలా ఉన్నాయి. రెండు గాలన్లు ఉన్నప్పుడు ముల్లు ఖాళీ గీతకు కుడి అంచున ఉంటుంది. నాలుగు ఉన్నప్పుడు పావుకు కాస్త కిందనే ఉంటుంది, ఎనిమిదికి సగం గీతను కొద్దిగా దాటుతుంది, పన్నెండుకు ముప్పాతిక. పద్నాలుగున్నరకే ఫుల్ గీతను తాకేస్తుంది, అందువల్ల నిండుగా పోయించాక మొదటి పాతిక మైళ్లు కదలదు. పావు దగ్గర ఉన్న తేడాను చేతి పొడవు కొద్దిగా మార్చి సర్దవచ్చు గాని, నేను దాని జోలికి పోలేదు. కింది సగంలో ముల్లు ఉన్నదానికంటే తక్కువ చెబితే నాకు అభ్యంతరం లేదు, పంపుకు అసలే లేదు.

ఆ కొలతల కాగితాన్ని గ్లవ్ బాక్సు మూత లోపల అంటించాను. ఇప్పుడు బంకు నుంచి బయలుదేరేటప్పుడు తాళం తిప్పి, బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకునే లోగా ముల్లు ఇంకా ముప్పాతిక దగ్గరే ఉంటుంది, బంకు దాటి రోడ్డెక్కాక గాని ఫుల్ గీతకు చేరదు. ఓడోమీటరు మాత్రం ఇప్పటికీ 100 మైళ్లను 86 అనే అంటోంది. దానికి పళ్లు తక్కువున్న చక్రం తెప్పించాను, గేర్‌బాక్సు పక్కన ఒక్క బోల్టు విప్పితే చాలట. నేను ఆ మాటను ఎంత మాత్రం నమ్మడం లేదు.